అదుపు కోసం ఒక దుకాణం

మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చేది తాగుడును అదుపులో పెట్టడానికే అన్నది ఆబ్కారీ శాస్త్రంలో మొదటి సూత్రం. దుకాణం లేని చోట జనం అడ్డూ అదుపూ లేకుండా తాగుతారు. ఒకటి పెడితే అదుపులోకి వస్తారు. రెండోది పెడితే అదుపు ఇంకా బిగుస్తుంది. మూడోది, నాలుగోది పెట్టాక ఊరు ఏ స్థాయి నిగ్రహానికి చేరుకుంటుందో ఈ శాస్త్రం ఇంకా తేల్చలేదు గానీ ప్రయోగాలు మాత్రం ఆగలేదు. కొత్త లైసెన్సులకు ఎక్కడో ఒకచోట హద్దు ఉండాలని ఆడవాళ్ళు రోడ్డెక్కిన ప్రతిసారీ వచ్చే జవాబు ఇదే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి లాంటి ఏజెన్సీ మండలాల దగ్గరికి వచ్చేసరికి ఈ జవాబుకు మరికొన్ని హంగులు తోడవుతాయి. కొండ మీది మనిషి ఎలాగూ తాగుతాడు కదా అన్నది వాటిలో అందరికీ ఇష్టమైనది.

ఆ మాటలో సగం నిజమే. చింతపల్లి, పాడేరు, అరకు కొండల్లో జీలుగు కల్లు తాగుతారు. పెళ్ళికీ చావుకూ, చైత్రంలో ఇటుకల పండగకూ కల్లు లేకుండా జరగదు. ఇప్పపువ్వుతో సారా కాచడం కూడా పాత సంగతే. అయితే జీలుగు చెట్టుకు ఆబ్కారీ శాఖ గమనించని ఒక గుణం ఉంది. అది ఇచ్చేంతే ఇస్తుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టుకోలేరు. కాబట్టి దాన్ని గోదాములో దాచలేరు, లారీకెక్కించలేరు, సంక్రాంతి గిరాకీ కోసం దసరా నుంచి నిలవ చేయలేరు. దానిలో ఆల్కహాలు సుమారు 5 శాతం. దుకాణంలో దొరికే బ్రాందీ, విస్కీల్లో 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసా ఒకటి లీటరున్నర కల్లుతో సమానం. ఆ క్వార్టర్ ఏడాది దాచినా పులవదు, మోటారు సైకిలు సంచిలో ఎంత దూరమైనా పోతుంది, అప్పు మీద అమ్మడానికీ తాకట్టు మీద అమ్మడానికీ వీలుగా ఉంటుంది. ఈ రెండూ ఒకటే అని వాదించేవాళ్ళు ఇదే తర్కంతో చోడి అంబలి తాగేవాళ్ళను కూడా లెక్కలో చేర్చి దుకాణాల సంఖ్య పెంచవచ్చు. ఆ ఆలోచన ఇంకా ఎవరికీ రాలేదు.

కొండవాళ్ళు తాగుతారన్న సంగతి ప్రభుత్వానికి కొత్తగా తెలిసింది కాదు. తెలిసిన ప్రతిసారీ చేసింది మాత్రం ఒకటే: వాళ్ళ కల్లుకు అడ్డుపడి, అమ్మే హక్కును ఇంకొకరికి పాడుకోనివ్వడం. పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాదంలో మద్రాసు ప్రభుత్వం రంప కొండల్లో సొంత వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ఆబ్కారీ నిబంధనల కిందికి లాగి, కల్లు రాబడిని గుత్తేదార్లకు అప్పగించింది. కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసుకునే మన్సబుదారు ఉండనే ఉన్నాడు. చెట్టు తమది, గీసే చెయ్యి తమది, తాగే నోరు తమది, పన్ను మాత్రం ఇద్దరికి. 1879 మార్చిలో చోడవరం వైపు పోలీసుల మీద దాడులతో మొదలైన పితూరీ గొలుగొండ కొండలకూ భద్రాచలం తాలూకాకూ పాకింది. దాన్ని అణచడానికి వందల మంది పోలీసులు చాలక మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు, ఒక గుర్రపు దళం, సాపర్లు-మైనర్లు రెండు కంపెనీలు, హైదరాబాదు నుంచి కొంత సైన్యం దిగవలసి వచ్చింది. మద్యం విధానం మీద ప్రజాభిప్రాయ సేకరణ ఇంత ఖర్చుతో జరిగిన సందర్భాలు ప్రపంచంలో ఎక్కువ ఉండవు. అభిప్రాయం కూడా తికమక లేకుండానే వచ్చింది. 1880లో పితూరీ చల్లారాక ఆ అభిప్రాయాన్ని దస్త్రాల్లో భద్రపరిచారు. ఇప్పటికీ అది అక్కడే భద్రంగా ఉంది.

ఈ చరిత్రలో చింతపల్లికి సొంత పేజీ కూడా ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదటగా దాడి చేసిన పోలీసు స్టేషను ఇక్కడిదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులకు ముందు ఆయన కొండ గ్రామాల్లో తిరిగి చెప్పినవి రెండు: తాగుడు మానండి, తగాదాలను కోర్టులకెక్కించక పంచాయతీలోనే తేల్చుకోండి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాటు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్, ఆ పనికి కొండవాళ్ళను ఎలా వాడుకున్నాడన్నది పితూరీ కారణాల్లో ఒకటిగా పుస్తకాలన్నీ చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాకు ఆయన పేరు పెట్టారు. (బాస్టియన్‌ది కాదు.) పేరుతో పాటు ఆయన చెప్పిన మాటను కూడా స్వీకరించాలన్న షరతు జీవోలో లేదు గనుక, జిల్లా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. ఆ రోడ్డు కూడా బాగానే ఉపయోగపడుతోంది, బ్రాందీ పెట్టెలు కొండెక్కేది ఘాటు రోడ్డు మీదే మరి.

చట్టాల పరిస్థితి ఇంకా బాగుంది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలంటుంది. గిరిజన ప్రాంతాల్లో మద్యం వ్యాపారాన్ని ఎత్తేసి, గిరిజనులు తమ కోసం తాము చేసుకునే సంప్రదాయ పానీయాలను వాళ్ళకే వదిలేయమని 1970లలోనే కేంద్రం రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 1996లో వచ్చిన పెసా చట్టం ఇంకా ముందుకు పోయి, మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభలకూ పంచాయతీలకూ ఉండాలని రాసింది. దానికి అనుగుణంగా రాష్ట్ర చట్టం 1998లో సవరణ పొందింది. ఆ అధికారాన్ని ఎలా వాడాలో చెప్పే నిబంధనలు 2011లో వెలువడ్డాయి. పదమూడేళ్ళు. ఈలోగా కొండల మీద దుకాణాలు తమ నిబంధనల కోసం పదమూడేళ్ళు ఆగినట్టు ఎక్కడా కనబడదు.

దుకాణాల నిబంధనలు ఎంత చురుగ్గా వస్తాయో చూడాలంటే 2024 అక్టోబరు చాలు. ఒకటో తేదీన దరఖాస్తులు మొదలు. పద్నాలుగున లాటరీ. పదహారున తలుపులు తెరిచారు. రాష్ట్రమంతటా 3,396 దుకాణాలు, దరఖాస్తుకు రెండు లక్షలు, తగిలినా తగలకపోయినా తిరిగిరాదు. వచ్చిన దరఖాస్తులు 89,882. వాటి మీదే ఖజానాకు 1,797 కోట్ల పైచిలుకు చేరింది. ఒక్క చుక్క అమ్మకుండానే ఇంత ఆదాయం తెచ్చిన మద్య నియంత్రణ ఇది. పదహారు రోజుల్లో రాష్ట్రమంతా దుకాణాలు తెరవగలిగిన యంత్రాంగానికి, ఒక గూడెంలో చెట్టు కింద గ్రామసభ పెట్టి ఇక్కడ దుకాణం కావాలా అని అడగడం మాత్రం పరిపాలనాపరంగా కష్టసాధ్యమట. కొండ దారులు, వర్షాలు, సిబ్బంది కొరత. నిజమే. ఆ దారుల్లోనే బ్రాందీ పెట్టెలు ఎక్కుతాయి గానీ వాటికి కోరం అక్కర్లేదు.

ఇక లైసెన్సు వస్తే నాటుసారా పోతుందన్న వాదన. బెల్లపు ఊటలో నవాసారం వేసి కాచే సారా మనిషిని ఎంత త్వరగా తీసేస్తుందో కొండల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. దాన్ని అరికట్టాల్సిందే. కానీ దుకాణం దాన్ని ఎలా అరికడుతుందో లెక్క వేసి చూసినవాళ్ళు తక్కువ. 2024 విధానంలో జనాభాను బట్టి దుకాణం ఏడాదికి కట్టే పన్ను 50 లక్షల నుంచి 85 లక్షల దాకా ఉంది. అన్నిటికన్నా చిన్న ఊరినే తీసుకుందాం, 50 లక్షలే. అప్పట్లో ప్రకటించిన 20 శాతం కమీషన్ మొత్తంగా చేతికొచ్చిందనుకున్నా, ఆ పన్ను ఒక్కటి పూడడానికే రెండున్నర కోట్ల సరుకు అమ్మాలి. ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న 99 రూపాయల క్వార్టర్ లెక్కన రెండున్నర లక్షల సీసాలు. పదివేల జనాభాలో చంటిపిల్లలనూ ముసలమ్మలనూ కలుపుకుని తలకు ఏడాదికి ఇరవై అయిదు. ఇంకా అద్దె రాలేదు, కరెంటు రాలేదు, జీతాలు రాలేదు, కట్టిన రెండు లక్షలు రాలేదు, అప్పు తెచ్చినవాడి వడ్డీ రాలేదు. ఉపాధి హామీ కూలి ఆ ఏడు రోజుకు 300 రూపాయలు. మూడోవంతు కూలి ఒక క్వార్టరుకు.

అంత సరుకు మండల కేంద్రంలో ఒక గది కిటికీ నుంచి కదలదు. కదలాలంటే దుకాణమే జనం దగ్గరికి వెళ్ళాలి. సంతరోజు సంతకు, మిగతా రోజుల్లో గూడేలకు, కాఫీ తోటల పనికి కూలీలు దిగే చోటుకు, కిరాణా కొట్టులో ఉప్పు బస్తా వెనక్కి. దీని పేరు బెల్టు షాపు. ప్రభుత్వాలన్నీ దీన్ని నిర్మూలిస్తామంటాయి. కేసులు పెడతారు, సీసాలు పగలగొట్టి ఫొటోలు దిగుతారు. లైసెన్సు పన్ను మాత్రం బెల్టు షాపు ఉంటేనే గిట్టుబాటయ్యే స్థాయిలో నిర్ణయిస్తారు. లైసెన్సు ఉన్న దుకాణం లేని దుకాణాన్ని తరిమేస్తుందన్నది సిద్ధాంతం. ఆచరణలో ఒక్కో లైసెన్సు లైసెన్సు లేని పిల్లలను పెట్టుకుంటూ పోతుంది. ఎక్సైజు శాఖ తల్లికి పుట్టినరోజు చేసి పిల్లల మీద కేసులు రాస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పైకి తీయరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970లో బిగించాక జనం నోట 1/70 చట్టమైనది, ఏజెన్సీలో స్థిరాస్తి గిరిజనేతరుడికి బదిలీ కావడాన్ని ఒప్పుకోదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని కూడా ఈ చట్టం దృష్టిలో ఒక వ్యక్తిగానే చూడాలంది. దుకాణం గాలిలో పెట్టలేరు, దానికో గది కావాలి. గది కొండవాడి పేరునే ఉండాలి. తిరిగిరాని రెండు లక్షలూ ఏటా 50 లక్షలూ కట్టగల గిరిజన కుటుంబాలు ఒక మండలంలో ఎన్ని ఉంటాయో వేళ్ళ మీద లెక్కపెడితే, పేరు ఎవరిదో డబ్బు ఎవరిదో అడగనక్కర్లేదు. గీత కార్మికుల కులాలకు పది శాతం దుకాణాలు కేటాయించినప్పుడు కూడా తరతరాలుగా జీలుగు గీసే కొండదొరా బగతా ఆ లెక్కలోకి రాలేదు. వాళ్ళు గీస్తారు గానీ గీత కులం కాదు.

దూరం కొలవడమన్నది ఈ శాస్త్రంలో ప్రత్యేక విభాగం. బడికీ గుడికీ ఆస్పత్రికీ వంద మీటర్ల లోపు దుకాణం ఉండరాదు. 101వ మీటరు దగ్గర మనిషి మారిపోతాడని దీని వెనక ఉన్న నమ్మకం. గుడి అంటే దేవాదాయ శాఖ రిజిస్టరులో ఉన్న గుడి. చింతపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో దేవత ఎక్కువగా చెట్టు కిందో, కొండ మీద జాకర రాయిగానో, ఊరి నడుమ నిశానిగానో ఉంటుంది. వీటిలో ఏదీ రిజిస్టరులో సంతకం పెట్టలేదు. కాబట్టి టేపు వాటి పక్క నుంచి ఏ తడబాటూ లేకుండా పోతుంది. బడి సంగతీ అంతే: బడి ఎక్కడో కొలవగలరు, బడికి పిల్లలు నడిచే దారి పొడుగు ఎవరూ కొలవరు.

ఈ విభాగంలో జాతీయ స్థాయి కృషి 2017లో జరిగింది. రహదారుల పక్కన 500 మీటర్ల లోపు మద్యం అమ్మరాదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్లకు దాన్ని మరుసటి మార్చిలో 220 మీటర్లకు తగ్గించింది. కొన్ని ప్రభుత్వాలు దుకాణాలను జరపడం శ్రమ అని రహదారులనే రహదారులు కాకుండా చేశాయి. కేరళలో పరవూరు దగ్గర ఒక బారు యజమాని గేటు నుంచి తలుపు దాకా గోడలతో మెలికల దారి కట్టించి, నడక దూరాన్ని చట్టం కోరినంత పొడిగించాడు. చట్టాన్ని ఇంత భక్తితో అనుసరించినవాడు మరొకడు లేడు. ఏజెన్సీలో ఈ కష్టం అక్కర్లేదు, కొండ దారులకు పుట్టుకతోనే మెలికలున్నాయి. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్న కొద్దీ టేపులకు పని పెరుగుతుంది.

ఆ రహదారితో పాటే పర్యాటకం అనే వాదన వచ్చింది. డిసెంబరు, జనవరిల్లో మంచు చూడ్డానికి లంబసింగికీ మేఘాలు చూడ్డానికి వంజంగికీ కార్లు బారులు తీరుతాయి. వచ్చినవాళ్ళకు చలి వేస్తుంది. చలికి మందు కావాలి. కాబట్టి చింతపల్లికి లైసెన్సులు కావాలి. ఈ తర్కంలో మంచు రెండు నెలలే ఉంటుంది, లైసెన్సు పన్నెండు నెలలూ ఉంటుంది. మిగిలిన పది నెలల్లో పర్యాటకుడి కోసం తెప్పించిన సరుకును ఎవరు తాగాలి అన్న ప్రశ్న పర్యాటక ప్రణాళికల్లో ఉండదు. పొద్దుటే కొండ మీద ఏరుకోవలసిన ఖాళీ సీసాల గురించి కూడా ఉండదు, అది పంచాయతీ పారిశుధ్యం కిందకు వస్తుంది.

చివరికి అన్ని వాదనలూ చేరే చోటు ఖజానా. పథకాలకు డబ్బు కావాలి అంటే ఎవరైనా నోరు మూసుకోవాలి. ఈ విషయంలో రాష్ట్రం చూపిన నిలకడ చూడదగ్గది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో పడిపోయింది. 1969లో నిషేధమే పోయింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ సంపూర్ణానికి సెలవు. 2019లో దశలవారీ నిషేధమన్నారు. ప్రభుత్వమే కౌంటరు వెనక కూర్చుని దుకాణాలను 4,380 నుంచి 3,500కూ, తర్వాత 2,934కూ తగ్గించింది. అదే ప్రభుత్వ హయాంలో 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ రాబోయే మద్యం రాబడిని చూపించి బాండ్ల మీద 8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. తాగుడు ఏటేటా తగ్గుతుందని ఓటర్లకూ, తగ్గదని మదుపుదార్లకూ ఒకేసారి హామీ ఇవ్వగలగడం మామూలు నేర్పు కాదు. 2024లో వచ్చినవాళ్ళకు అంత నేర్పుతో పనిలేదు, దశలవారీ అన్న మాటే తీసేశారు.

నిషేధాన్ని కోరేవాళ్ళ పద్దు కూడా అంత శుభ్రంగా లేదు. మహారాష్ట్రలో గిరిజనులు ఎక్కువగా ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి నిషేధం నడుస్తోంది. పక్కనే చంద్రపూరులో 2015లో పెట్టిన నిషేధాన్ని దొంగసరుకు పెరిగిందని 2021లో ఎత్తేశారు. రాజధాని నుంచి వచ్చిన నిషేధాన్ని రాజధానే వెనక్కి తీసుకోగలదు. కానీ అదే మహారాష్ట్రలో ఇంకో పద్ధతి ఉంది. దుకాణం వద్దనుకున్న చోట తగినంత మంది కోరితే ఓటింగు పెడతారు. నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా గుర్తులు. మొత్తం ఓటర్లలో సగానికి మించి పడుకోబెట్టిన సీసాకు వేస్తే దుకాణం మూసేస్తారు. వచ్చినవాళ్ళలో సగం కాదు, మొత్తంలో సగం. అంత కఠినమైన షరతును దాటి కూడా ఆడవాళ్ళు దుకాణాలు మూయించారు. స్కాట్లాండులో 2005 నాటి లైసెన్సు చట్టం ప్రకారం స్థానిక బోర్డులు తమ పరిధిలో ఏ పేటలో దుకాణాలు ఇప్పటికే ఎక్కువయ్యాయో తేల్చి ప్రకటించాలి. ఎక్కువైన చోట కొత్త దరఖాస్తును ఆ కారణంగానే తిప్పికొట్టవచ్చు. మద్యానికి పేరుపడ్డ దేశంలో చాలు అనే మాటకు చట్టంలో చోటు దొరికింది.

పెసా చట్టం చింతపల్లి గ్రామసభలకు ఇచ్చింది ఇంతకన్నా చిన్నది కాదు. ఏ గుర్తులూ లేకుండా, చేతులెత్తి వద్దనవచ్చు. ఒకటే చాలు అనవచ్చు. సంతరోజు మూసేయమనవచ్చు. జీలుగు కల్లుకు అడ్డురావద్దు, క్వార్టర్ సీసా మాత్రం కొండెక్కవద్దు అని కూడా అనవచ్చు. ఇప్పుడున్న లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30తో తీరుతుంది. తర్వాతి విధానం రావాలంటే దుకాణాల సంఖ్య, దరఖాస్తు రుసుము, పన్ను శ్లాబులు, లాటరీ తేదీ ఖరారు కావాలి. ఏజెన్సీ పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఆ సంఖ్యను వాళ్ళనే అడగాలంటే అవన్నీ ఖరారయ్యే ముందే పెట్టాలి.